దాచేసిన 14 ఏళ్లు: ల్యాబ్ నుంచి యూఎక్స్ డిజైన్‌కు మారిన ఒక కేసు

నా పని యూఎక్స్ డిజైన్, అంటే యాప్‌లు, సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు సులువుగా ఉండేలా రూపొందించడం. టీములోకి కొత్తవాళ్లను తీసుకునే ఇంటర్వ్యూల్లో కూర్చుంటాను. వేరే వృత్తుల్లో పదేళ్లు, పదిహేనేళ్లు గడిపి ఈ రంగంలోకి రావాలనుకునే వాళ్లకు కొంతకాలంగా మెంటర్‌గా కూడా ఉంటున్నాను. ఆ కేసుల్లో ఇది ఒకటి. బాగా ముగిసింది కాబట్టి రాయడం లేదు. మొదటి నాలుగు నెలలు నేను చెప్పిన సలహా తప్పు. ఆ తప్పు ఎలా జరిగిందో తర్వాత నిదానంగా వెనక్కి వెళ్లి చూస్తేగానీ నాకే అర్థం కాలేదు.

పేరు రాయను, ఆమె అనే అంటాను. గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు, కొన్ని అంకెలు కాస్త మార్చాను. ఆమె చదివి, రెండు చోట్ల దిద్ది, సరేనన్నాకే ఇది బయటికి వస్తోంది.

నేపథ్యం

2023 మొదట్లో నా దగ్గరికి వచ్చేసరికి ఆమెకు 38 ఏళ్లు. ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా 14 ఏళ్లు పనిచేశారు. వచ్చిన శాంపిళ్ల బార్‌కోడ్ సరిచూడడం, మెషిన్లకు ఎక్కించడం, రిజల్ట్ చూసి విడుదల చేయడం రోజువారీ పని. ప్రమాదకరమైన విలువ కనబడితే వార్డుకు ఫోన్ చేసి, అవతలివాళ్లు ఆ అంకెను తిరిగి చదివి వినిపించేదాకా ఫోన్ పెట్టరు. చివరి ఆరేళ్లు కొత్తగా చేరినవాళ్లకు ల్యాబ్ సాఫ్ట్‌వేర్ నేర్పే బాధ్యత కూడా ఆమెకే అప్పజెప్పారు. దాని ఆనుపానులు తెలిసిన మనిషి అక్కడ మరొకరు లేరు మరి.

మారాలన్న ఆలోచనకు పెద్ద కథేమీ లేదు. పైకి వెళ్లే దారి సూపర్‌వైజర్ కుర్చీ దగ్గర ఆగిపోతుంది, ఆ కుర్చీ ఖాళీ అయ్యే సూచనలు లేవు. ఈలోగా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ కోసం కంపెనీ నుంచి ఒకతను వచ్చి, రెండు రోజులు ఆమె పక్కనే కూర్చుని, ఆమె ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ విసుక్కుంటున్నారో రాసుకున్నాడట. "ఇది కూడా ఒక ఉద్యోగమేనా అండీ?" అని అడిగితే నవ్వి అవునన్నాడట. ఆ తర్వాత సాయంత్రం పూట ఐదు నెలల ఆన్‌లైన్ బూట్‌క్యాంప్ (తక్కువ కాలంలో ముగిసే కోర్సు), స్క్రీన్లు గీసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్, ఒక సర్టిఫికెట్, మూడు ప్రాజెక్టుల పోర్ట్‌ఫోలియో.

వచ్చిన సమస్య

64 దరఖాస్తులు. మూడు ఫోన్ కాల్స్. ఒక్క ఆఫరూ లేదు.

కాలం కూడా కలిసిరాలేదు. 2022 చివరి నుంచి పెద్ద టెక్ సంస్థలు వరసగా ఉద్యోగాలు తీసేశాయి. అలా బయటపడ్డ వాళ్లలో డిజైనర్లు, రీసెర్చర్లు కూడా ఉన్నారు. దాంతో జూనియర్ పోస్టులకు కూడా అనుభవం ఉన్నవాళ్లే పోటీపడ్డారు. బూట్‌క్యాంపుల నుంచి కొత్తవాళ్లు రావడం మాత్రం ఆగలేదు. ఫిగ్మా వచ్చు అన్న మాటకు విలువ ఏమీ మిగల్లేదు, ఎందుకంటే అది అందరికీ వచ్చు.

మొదటిసారి మాట్లాడినప్పుడు ఆమె చేతిలో రాజీనామా లేఖ సిద్ధంగా ఉంది. "సగం మనసుతో చేస్తే రెండూ చెడతాయి కదా, అందుకే మానేద్దామనుకుంటున్నా" అన్నారు. నేను వద్దన్నాను. ఆమె పొదుపు ఎనిమిది నెలలకు సరిపోతుంది. నేను చూసిన వృత్తి మార్పుల్లో ఎనిమిది నెలల్లో తేలినవి తక్కువ. చేతిలో డబ్బు అయిపోతున్న మనిషి ఏ ఆఫరొస్తే దానికి తల ఊపేస్తారు, ఇంటర్వ్యూలో ఆ ఆత్రం కనబడుతుంది కూడా. ఫుల్ టైమ్ బదులు వారానికి మూడు రోజుల డ్యూటీకి మారమన్నాను. జీతం తగ్గుతుంది, ఆగిపోదు. ల్యాబ్‌తో సంబంధం తెగకపోవడం తర్వాత ఎంత పనికొస్తుందో అప్పటికి నాకూ తెలియదు. ఈ కేసులో నేను సరిగ్గా చెప్పిన మొదటి మాట అదే, అదీ డబ్బు లెక్క చూసి చెప్పింది.

నా తప్పు వైద్యం

పోర్ట్‌ఫోలియో తెరిచాను. ఒక మ్యూజిక్ యాప్ రీడిజైన్, మొక్కలకు నీళ్లు పోయడం గుర్తుచేసే యాప్, టికెట్ బుకింగ్ యాప్. ప్రతి దాని పైనా డిజైన్ పనిలోని దశలను చూపే డబుల్ డైమండ్ బొమ్మ. బ్రిటన్‌లోని డిజైన్ కౌన్సిల్ 2000ల మధ్యలో ప్రచారంలోకి తెచ్చిన ఆ రెండు వజ్రాల బొమ్మ బూట్‌క్యాంప్ పోర్ట్‌ఫోలియోలో లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. కింద కల్పిత పర్సోనాలు, అంటే ఊహించి రాసిన యూజర్ల పరిచయాలు, ఎక్కడో తీసుకున్న నవ్వు ముఖాల ఫోటోలు. తెలుపు మీద లేత బూడిదరంగు అక్షరాలు.

నా కన్ను ముందు అక్షరాల మీద పడింది, పొరపాటు అక్కడే మొదలైంది. డిజైనర్‌కు అలవాటైన రోగం ఇది. కంటికి కనిపించే లోపమే అసలు లోపం అనుకుంటాం. ఏడు వారాలు ఆమెతో టైపోగ్రఫీ, అంతరాలు, రంగుల మీద పనిచేయించాను. మామూలు సైజు అక్షరాలకు కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా, కనీసం 4.5కు 1 ఉండాలన్న డబ్ల్యూసీఏజీ (వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండడానికి పెట్టిన మార్గదర్శకాలు) నియమం నేర్పాను. పేజీలు నిజంగానే అందంగా తయారయ్యాయి. ఇంకో 40 దరఖాస్తులు వెళ్లాయి. రెండు కాల్స్ వచ్చాయి, రెండూ పోర్ట్‌ఫోలియో చూపించే దశ దాటలేదు.

అప్పుడుగానీ నేను మొదటి రోజే చేయాల్సిన పని చేయలేదు. ఒక యాప్‌లో యూజర్లు ఎక్కడ జారిపోతున్నారో తెలియకుండా బటన్ రంగు మార్చే డిజైనర్‌ను చూస్తే నేనే కోప్పడతాను. ఆమె విషయంలో మాత్రం అదే పని చేశాను. కూర్చుని లెక్క వేస్తే రెండు చోట్ల జారుతున్నట్టు తేలింది. మొదటిది రెజ్యూమె దగ్గర: 104 దరఖాస్తులకు ఐదు కాల్స్. రెండోది ఇంటర్వ్యూలో, "ఈ నిర్ణయం ఎందుకు తీసుకున్నారు?" అన్న ప్రశ్న దగ్గర. రెండింటికీ అక్షరాల సైజుతో సంబంధం లేదు.

రెజ్యూమెలో 14 ఏళ్ల ల్యాబ్ ఉద్యోగం అట్టడుగున రెండు లైన్లు. "పాత ఫీల్డ్ కనిపిస్తే సీరియస్‌గా తీసుకోరని బూట్‌క్యాంప్‌లో చెప్పారు" అన్నారు. దాంతో పైన మిగిలింది ఐదు నెలల చదువే. చదివేవాళ్లకు ఆమె 38 ఏళ్ల ఫ్రెషర్‌గా కనబడుతున్నారు. ఇక ఎందుకు అన్న ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేకపోవడంలో వింత లేదు. మ్యూజిక్ యాప్‌లో ఆ నిర్ణయాలు ఆమెవి కావు, టెంప్లేట్‌వి. ఒకచోట "80 శాతం యూజర్లకు నచ్చింది" అని రాసి ఉంది. ఎంతమందిని అడిగారని ఇంటర్వ్యూలో అడిగితే ఐదుగురు. అంటే నలుగురికి నచ్చింది. ఆ మాటతో గదిలో ఉత్సాహం పోయిందని ఆమే చెప్పారు.

మానిటర్‌కు అంటించిన చీటీలు

నాలుగో నెల చివర, పోర్ట్‌ఫోలియో పక్కన పెట్టి ఊరికే మాట్లాడుకుంటుండగా అడిగాను: ల్యాబ్‌లో మీ సీటు దగ్గర ఏమేముంటాయి? మెషిన్, స్కానర్, ప్లాస్టిక్ కవర్ తొడిగిన కీబోర్డు అని చెబుతూ, "మానిటర్ చుట్టూ నా చీటీలు" అన్నారు. ఏం చీటీలు? "కొత్తవాళ్లు తప్పులు చేస్తారు కదా, అక్కడక్కడా రాసి అంటించా." ఫోటో వద్దు, గుర్తున్నవి చెప్పండి అన్నాను. పదకొండు చెప్పారు. ఫలానా బటన్ రెండుసార్లు నొక్కొద్దు. ఈ స్క్రీన్‌లో పాత పేరు కనిపిస్తుంది, నమ్మొద్దు. సేవ్ అయ్యిందని వచ్చినా ఒకసారి వెనక్కెళ్లి చూసుకో.

వాడే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడెక్కడ చిల్లులున్నాయో చెప్పే పటం అది. ఆరేళ్లపాటు, ఒక్కో తప్పు చూసి, ఒక్కో చీటీ రాశారు. ఆమె దృష్టిలో అది డిజైన్ పని కాదు, ట్రైనింగ్‌లో భాగం.

వాటిలో ఒకదాని దగ్గర ఆగాం. శాంపిల్ పనికిరాకపోతే టెక్నీషియన్ దాన్ని తిరస్కరించాలి. రక్తకణాలు పగిలిపోయిన శాంపిల్‌ను ల్యాబ్ భాషలో హిమోలైజ్డ్ అంటారు. దాన్ని అలాగే పరీక్షిస్తే కణాల్లోని పొటాషియం బయటికి వచ్చి, రోగికి లేని ప్రమాదం రిపోర్టులో కనిపిస్తుంది. రక్తం చాలకపోవచ్చు, గడ్డకట్టవచ్చు, వేరే రంగు మూత ట్యూబులో పోసి ఉండొచ్చు, లేబుల్ తప్పు కావచ్చు. ల్యాబ్ తప్పుల్లో ఎక్కువ భాగం పరీక్ష మొదలవకముందే జరుగుతాయన్నది ఆ రంగంలో అందరికీ తెలిసిన సంగతే. అందుకే తిరస్కరణకు కారణం నమోదు చేయడం ముఖ్యం.

ఆ కారణం ఎంచుకునే డ్రాప్‌డౌన్‌లో 23 కారణాలు, ఇంగ్లిష్ అక్షరక్రమంలో. మొదటిది క్లాటెడ్, అంటే గడ్డకట్టింది. తొందరలో ఉన్నవాళ్లు మొదటిదే నొక్కి ముందుకు పోతారు. నెలాఖరు రిపోర్టులో గడ్డకట్టడమే పెద్ద సమస్యగా తేలుతుంది. రక్తం తీసేవాళ్లకు ట్యూబును సరిగ్గా తిప్పి కలపడం మీద మళ్లీ మళ్లీ శిక్షణ ఇస్తారు. కళ్లముందు ఎక్కువగా కనబడే సమస్య మాత్రం రక్తం చాలకపోవడం. చీటీ మీద ఏముందంటే: "మొదటిది నొక్కకండి. చదివి నొక్కండి."

"మావాళ్ల నిర్లక్ష్యమే లెండి" అన్నారామె. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నాటి సంగతి ఒకటి చెప్పాను. బీ-17 విమానాలు నేలకు దిగాక కొందరు పైలట్లు రెక్కల ఫ్లాప్స్ బదులు చక్రాలను లోపలికి లాగేసేవారు. అల్ఫోన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్ చూస్తే, ఆ రెండు స్విచ్‌లు పక్కపక్కన, ఒకే తీరుగా ఉన్నాయి. చేతికి తేడా తెలిసేలా పిడుల ఆకారం మార్చడం దానికి పరిష్కారమైంది. ఆయన పైలట్ల నిర్లక్ష్యం గురించి రిపోర్టు రాసి ఊరుకోలేదు. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆ చీటీ పెట్టాల్సింది మానిటర్ మీద కాదన్నమాట" అన్నారు.

ఇదే ప్రాజెక్టు చేద్దామని అనుకున్నాం. మొదలుపెట్టేముందు హద్దులు గీసుకున్నాం: ఆసుపత్రి స్క్రీన్ల ఫోటోలు తీయకూడదు, రోగుల వివరాలు ఏ రూపంలోనూ రాకూడదు, నెలాఖరు రిపోర్టు అంకెలు వాడకూడదు. స్క్రీన్ కొత్తగా గీయాలి, ఊహించిన డేటాతో. మాట్లాడేది వేరే ల్యాబుల్లో పనిచేసే పరిచయస్తులతో, వాళ్ల సొంత సమయంలో. పోర్ట్‌ఫోలియో కోసం ఉద్యోగం చేసే సంస్థ నమ్మకాన్ని అమ్ముకున్నవాళ్లను ఇంటర్వ్యూ బల్లకు ఇవతలి నుంచి చూశాను. రేపు మా రహస్యాలూ ఇలాగే బయటపెడతారు కదా అన్న ఆలోచనే ముందు వస్తుంది.

రెండో వైఫల్యం: "నేనే యూజర్‌ని కదా"

ఇక్కడిదాకా చదివినవాళ్లు కథ అయిపోయిందనుకోవచ్చు. పాత వృత్తిని దాచొద్దు, వాడుకో అన్న సలహా ఇప్పుడు చాలామంది ఇస్తున్నారు. ఆ సలహా సగమే నిజమని ఈ కేసు నాకు నేర్పింది.

రెండు వారాల్లో ఆమె డిజైన్ తెచ్చారు. డ్రాప్‌డౌన్ లేదు. ఎక్కువగా వచ్చే ఆరు కారణాలకు ఆరు పెద్ద బటన్లు, మిగతావన్నీ "ఇతరం" కింద. గ్లవ్స్ వేసుకున్న వేళ్లకు అందేంత పెద్దవి. రంగుతోపాటు గుర్తు, పేరు కూడా ఉన్నాయి, రంగులు సరిగా పోల్చుకోలేనివాళ్లకు ఇబ్బంది రాకుండా. చూడ్డానికి బాగుంది, తర్కమూ బాగుంది. ఎవరితో టెస్ట్ చేశారని అడిగాను. "14 ఏళ్లు ఈ పనే చేశానండీ. నేనే యూజర్‌ని కదా."

ఆమె మాట కొట్టిపారేయలేను. అయినా ఐదుగురితో టెస్ట్ చేయమన్నాను. ఐదే ఎందుకంటే, యూజబిలిటీ (వాడుకలో సౌలభ్యం) నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో రాసిన లెక్క ఒకటుంది: ఒక్కో యూజర్ సగటున 31 శాతం లోపాలు బయటపెడతారనుకుంటే, ఐదుగురితో దాదాపు 85 శాతం బయటపడతాయి. ఆ లెక్క లోపాలు వెతకడానికి పనికొస్తుంది గానీ శాతాలు ప్రకటించడానికి కాదు. మ్యూజిక్ యాప్‌లో ఆమె చేసిన తప్పు సరిగ్గా అదే.

నాలుగు వేర్వేరు ల్యాబులకు చెందిన ఐదుగురు టెక్నీషియన్లు ఒప్పుకున్నారు. ఖాళీ ట్యూబుల్లో రంగునీళ్లు పోసి, ఒక ర్యాక్, ఒక స్కానర్, ల్యాప్‌టాప్‌లో ప్రొటోటైప్ (డిజైన్ నమూనా) పెట్టి పని ఇచ్చారు: పది ట్యూబులు మెషిన్‌కు సిద్ధం చేయండి, పనికిరానివి తిరస్కరించండి. రికార్డింగ్ తర్వాత ఇద్దరం కలిసి చూశాం.

ఆ ఆరు బటన్ల వైపు మొదటి వ్యక్తి చూడనేలేదు. చెడిన ట్యూబు తీసి పక్కన పెట్టి మిగతావాటితో ముందుకు పోయారు. రెండో వ్యక్తీ అంతే. మూడో వ్యక్తి కూడా అలాగే పక్కన పెడుతుంటే, రికార్డింగులో ఆమె గొంతు వినబడింది: "ఇక్కడ బటన్ నొక్కాలి కదండీ." ఐదుగురిలో నలుగురు అదే పని చేశారు. చేతిలో ఉన్న పని ఆపి కారణం నమోదు చేయడం వాళ్ల అలవాటు కాదు. చెడినవన్నీ ఒకచోట పోగేసి, షిఫ్టు చివర కూర్చుని, గుర్తున్నంత మేరకు నమోదు చేస్తారు. అలసటతో, ఇంటికి వెళ్లే తొందరలో. మొదటి కారణం నొక్కేది అప్పుడన్నమాట!

ఆమెకు కోపం వచ్చింది. "అది తప్పు పద్ధతి. మేమలా నేర్పం." నేనడిగాను: ఇప్పుడు మాట్లాడుతున్నది ట్రైనరా, డిజైనరా? ఆ వారం ఇంకో మీటింగ్ పెట్టుకోలేదు, ఆమే వద్దన్నారు. తర్వాత వచ్చి చెప్పిన సంగతి ఇది. చివరి ఆరేళ్లు ఆమె ఉన్నది పగటి షిఫ్టులో. అక్కడ తిరస్కరణలు నమోదు చేయడానికి వేరే మనిషి ఉండేవారు. నైట్ షిఫ్టులో ఒంటరిగా ఈ పని చేసి చాలా ఏళ్లయింది, అప్పట్లో తానెలా చేసేవారో మరిచిపోయారు. ఆమె డిజైన్ చేసింది తన కోసం కూడా కాదు, తాను పాఠం చెప్పే ఆదర్శ టెక్నీషియన్ కోసం.

పాత వృత్తి ఇచ్చేది జవాబు కాదు, ఏ ప్రశ్న అడగాలో, ఎవరిని అడగాలో, వాళ్లు చెప్పింది విని ఎక్కడ ఆశ్చర్యపోవాలో ఇస్తుంది. బయటి డిజైనర్‌కైతే ట్యూబు పక్కన పెట్టడం కనబడేదేమో గానీ, అది రూల్‌కు విరుద్ధమని తెలిసేది కాదు. ఆమెకు రూల్ తెలుసు. రూల్‌కూ చేతికీ మధ్య ఉన్న ఆ ఖాళీయే డిజైన్ సమస్య అని గ్రహించడానికి ఆ వారం పట్టింది.

పరిష్కారం స్క్రీన్‌లో లేదు

రెండో రూపం ఇలా వచ్చింది. జనం ఎలాగూ ట్యూబును పక్కన పెడుతున్నారు కదా, ఆ పక్కన పెట్టడాన్నే నమోదుగా మారిస్తే? నాలుగు అరలున్న ర్యాక్. ఒక్కో అరకు ఒక్కో కారణం, దాని ముందు ఒక బార్‌కోడ్. ట్యూబు స్కాన్ చెయ్, అర స్కాన్ చెయ్, అందులో పెట్టెయ్. గ్లవ్స్ విప్పనక్కర్లేదు, కీబోర్డు ముట్టనక్కర్లేదు, షిఫ్టు చివర గుర్తు తెచ్చుకోనక్కర్లేదు. స్క్రీన్ చేసేదల్లా ఏ కారణం నమోదైందో పెద్ద అక్షరాల్లో చూపించడం, పొరపాటైతే మళ్లీ స్కాన్ చేసి మార్చుకోనివ్వడం.

ఆమెకు నిజమైన టెన్షన్ అప్పుడు పట్టుకుంది. "ఇందులో చూపించడానికి స్క్రీన్లే లేవు. దీన్ని డిజైన్ అంటారా?" పోర్ట్‌ఫోలియో అంటే అందమైన మొబైల్ స్క్రీన్ల వరస అన్న అచ్చు ఎంత బలంగా పడిందో ఆ ప్రశ్నలో తెలుస్తుంది. ఆ అచ్చును ఏడు వారాలు ఇంకా గట్టిగా నొక్కినవాణ్ని నేనే.

రెండో టెస్ట్ ఇంకో ఐదుగురితో. అరల బార్‌కోడ్లు దగ్గర దగ్గరగా ఉండడంతో స్కానర్ పక్కదాన్ని చదివేసింది, దూరం పెంచారు. ఇంకో లోపం మాత్రం లొంగలేదు. లేబుల్ తప్పైన శాంపిళ్ల కోసం ఒక అర పెట్టారు కదా. లేబుల్ చిరిగిన ట్యూబుకు, అసలు లేబులే లేని ట్యూబుకు స్కాన్ చేయడానికి బార్‌కోడ్ ఎక్కడుంటుంది? టెస్ట్‌కు వచ్చిన ఒకాయన ట్యూబును అటూ ఇటూ తిప్పి, "దీన్నేం చేయమంటారు?" అని అడిగే దాకా మా ఇద్దరికీ తట్టలేదు. దానికి సరైన పరిష్కారం దొరకలేదు. చేత్తో నమోదు చేసే దారి ఒకటి ఉంచి, ఇది తెగని సమస్య అని కేస్ స్టడీలోనే రాయమన్నాను. ఆమెకు ఇష్టం లేకపోయినా రాశారు.

ఈ పని జరిగిన ఐదు నెలల్లో ఇంకో విషయం కూడా సర్దుకోవాల్సి వచ్చింది. ఆమె ఏదీ సగంలో చూపించేవారు కాదు. రెండు వారాలు మాయమై, పూర్తయ్యాకే తెచ్చేవారు. నేను ఏమైనా అంటే ముఖం మాడిపోయేది. మొదట్లో అది ఆత్మవిశ్వాసం సమస్య అనుకున్నాను. కాదు. ల్యాబ్‌లో తప్పు అంటే రిపోర్టు రాయాల్సిన సంఘటన, అవతల ఒక రోగి ఉంటారు. 14 ఏళ్లు అలా బతికిన మనిషికి, తప్పులతో నిండిన చిత్తుప్రతిని బల్లమీద పెట్టి పదిమందిని చీల్చమనడం పిచ్చిపనిలా కనబడుతుంది. ధైర్యంగా ఉండండి అని చెబితే అది పోదు. అందుకని ప్రతి బుధవారం, ఏ స్థితిలో ఉన్నా సరే, పెన్సిల్ గీతలైనా సరే, చూపించాలని పెట్టాను. మొదటి మూడు బుధవారాలు ముందు క్షమాపణ చెప్పి తర్వాత చూపించారు. ఏడో బుధవారం క్షమాపణ మరిచిపోయారు.

ఉద్యోగ వేట, ఈసారి

104 దరఖాస్తుల పద్ధతి మానేశాం. ల్యాబ్ పరికరాలు, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ తయారుచేసే 14 సంస్థల జాబితా రాశాం. వైద్య పరికరాల విషయంలో యూజబిలిటీ అనేది ఇష్టమైతే చేసే పని కాదు. ఐఈసీ 62366-1 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, 2015 నాటిది. పరికరాన్ని వాడేటప్పుడు ఎలాంటి పొరపాట్లు జరగవచ్చో ముందే వెతికి, టెస్ట్ చేసి, కాగితం మీద చూపించే పద్ధతిని అది నిర్దేశిస్తుంది. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2016లో ఇచ్చిన మార్గదర్శకం తుది పరీక్షలో ఒక్కో రకం యూజర్ల నుంచి కనీసం 15 మంది ఉండాలని సూచిస్తుంది. అంటే ఆ సంస్థలకు టెస్టులు నడిపే మనుషులు కావాలి, ల్యాబ్‌లో చేతులు ఎలా కదులుతాయో తెలిసినవాళ్లయితే మరీ మంచిది. నిజం చెప్పాలంటే ఈ సంగతి మొదటి నుంచీ నాకు తెలుసు. 14 ఏళ్ల ల్యాబ్ అనుభవం ఆ రెండు లైన్ల కింద దాగి ఉండడంతో, దీన్నీ దాన్నీ కలిపి చూడలేదు.

డిజైనర్ అన్న హోదా కోసమే పట్టుబట్టొద్దన్నాను. ఇందులో రిస్క్ ఉంది. టెస్టింగ్ వైపు వెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోవచ్చు. అయినా ఆమె విషయంలో లోపలికి వెళ్లడమే ముందు ముఖ్యమని నా అంచనా. విజువల్ పనిలో పాతికేళ్ల వయసు పోటీదారులతో ఆమె అప్పటికి తూగలేరు, టెస్ట్ నడపడంలో మాత్రం వాళ్లు ఆమెతో తూగలేరు. రెజ్యూమె తిరగరాశాం. ల్యాబ్ అనుభవం పైకి వచ్చింది, అది కూడా ఉద్యోగ బాధ్యతల భాషలో కాకుండా, ఏ తప్పులు చూశారు, వాటికి ఏం చేశారు అన్న భాషలో. మ్యూజిక్ యాప్, మొక్కల యాప్ తీసేశాం. పోర్ట్‌ఫోలియోలో ఒక్కటే ప్రాజెక్టు మిగిలింది. ఒకటి చాలదేమోనని ఇద్దరికీ భయమే.

14 సంస్థల్లో నాలుగు మాట్లాడాయి. ఒకచోట వయసు గురించి సూటిగానే అడిగారు, తనకంటే చిన్నవాళ్ల కింద పనిచేయగలరా అని. ఇంకోచోట మూడు రౌండ్ల తర్వాత పోస్టే రద్దయింది. ల్యాబ్ ఎనలైజర్లు చేసే ఒక సంస్థలో, పోర్ట్‌ఫోలియో చూపించేటప్పుడు ఒక ఇంజినీరు ఆపి అడిగాడట: "లేబుల్ లేని ట్యూబు సంగతేంటి?" ఆమె పేజీ తిప్పి, తెగని సమస్య అని రాసిన భాగం చూపించారు. మిగిలిన అరగంట ఆ ఒక్క విషయం మీదే గడిచింది, అందరూ బోర్డు దగ్గర నిలబడి.

యూజబిలిటీ టెస్టింగ్‌లో ఆరు నెలల కాంట్రాక్టు ఇచ్చారు. నా దగ్గరికి వచ్చిన రోజు నుంచి లెక్కేస్తే ఏడాది మీద రెండు నెలలు. జీతం ల్యాబ్ ఫుల్ టైమ్ జీతం కంటే ఐదో వంతు తక్కువ. టీమ్ లీడ్ ఆమె కంటే తొమ్మిదేళ్లు చిన్న. కాంట్రాక్టు ముగిశాక పర్మనెంట్ అయింది, మరో ఏడాదికి హోదాలో డిజైనర్ అన్న మాట చేరింది, పాత జీతం స్థాయి కూడా అప్పుడే అందింది. విజువల్ డిజైన్ ఇప్పటికీ ఆమె బలం కాదు, ఆ పని టీములో ఇంకొకరు చూస్తారు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

పోర్ట్‌ఫోలియో ఇప్పుడు మొదటి మీటింగులో తెరవను. ముందు దరఖాస్తులు, కాల్స్, రౌండ్లు ఒక కాగితం మీద రాయించి, ఎక్కడ ఆగిపోతున్నారో చూస్తాను. కాల్సే రానివాళ్లకూ, కాల్స్ వచ్చి ఇంటర్వ్యూలో పోయేవాళ్లకూ మందు వేరు.

పాత ఉద్యోగంలో అంటించిన చీటీల గురించి అడుగుతాను. చీటీ కాకపోతే సొంతంగా చేసుకున్న ఎక్సెల్ షీటు, కొత్తవాళ్లకు గుసగుసగా చెప్పే జాగ్రత్త, అందరూ వాడే దొంగదారి. 15 ఏళ్లు ఒక పని చేసిన మనిషి దగ్గర ఇవి లేకుండా ఉండవు. దొరికాక, ఆ మనిషిని ఆ సమస్యకు యూజర్‌గా లెక్కపెట్టను. అదే పని వేరేచోట చేసే ఐదుగురిని చూసి రమ్మంటాను. ఎవరైనా "మేమలా చేయం" అన్నారంటే అక్కడ ఏదో ఉందని రాసుకుంటాను.

ఈ పద్ధతి అందరికీ సరిపోతుందని మాత్రం అనుకోవడం లేదు. ఆమె వదిలి వచ్చిన వృత్తి చుట్టూ సాఫ్ట్‌వేర్, పరికరాలు చేసే సంస్థలు చాలా ఉన్నాయి, పైగా యూజబిలిటీ అడిగే ప్రమాణాలున్నాయి. ఇప్పుడు నా దగ్గరికి ఒక స్వరకర్త వస్తున్నారు, 44 ఏళ్లు. ఆయన దగ్గరా చీటీలున్నాయి, చాలా మంచివి. జాబితా రాద్దామని కూర్చుంటే రెండు సంస్థల దగ్గర ఆగిపోయాం. వచ్చే బుధవారం మళ్లీ కూర్చుంటున్నాం.